తరుగు

మలక్‌పేట గంజిల నాది కాంట పని.
పొద్దుగాల నాలుగింటికే ఉల్లిగడ్డ లారీలు దిగుతయి.
బస్తా ఎక్కుతది, ముల్లు ఊగుతది, ఆగుతది,
నేను అంకె అరుస్త, గుమాస్తా రాస్తడు.
పదమూడేండ్లల తూకం తప్పిందని
ఏ రైతూ నా అంగీ పట్టలే.

ఇంటికొస్తే
రెండేండ్ల పిల్ల ఎంత తిన్నదో నాకు తెల్వది.

స్వరూప చెప్తది, మూడు బుక్కలని.
మూడు ఏడివి, అంటది అత్తమ్మ,
ఒకటి ఉమ్మింది, ఒకటి ఇంకా బుగ్గలనే ఉంది చూడు.
చూస్త. నిజమే.
పొద్దుటి పప్పన్నం బుక్క
పగటీలి దాకా దాచుకున్నది మా అవని,
ఊరికి పోయేటోడు లోపలి జేబుల పైసలు దాచినట్టు.

గంజిల ఒక మాట ఉంది, తరుగు.
తడి ఆరేది, మట్టి రాలేది, కుళ్లి పోయేది,
అన్నీ కలిపి బస్తాకు ఇంత అని కొట్టేస్తరు.
రైతు మొఖం మాడ్చుకుంటడు, కానీ ఒప్పుకుంటడు.
మా ఇంట్ల లెక్క ఉల్టా.
గిన్నెడు అన్నంల
గౌనుకు అంటింది, జుట్టుకు పూసుకున్నది,
చాప కిందికి పోయింది, పిల్లి నాకింది,
ఆఖరికి స్వరూప నోట్ల వేసుకున్నది,
అంతా తరుగే.
కడుపుల పడ్డదే
కొట్టేసేటంత.

పాత పాల లెక్కల బుక్కు తిప్పి
వెనుక నుంచి మొదలుపెట్టింది స్వరూప.
సోమవారం. ఇడ్లీ పావు. అరటిపండు రెండు కొరుకులు.
పాలు, సగం నేలకు.
మంగళవారం. ఏం లేదు. సబ్బు నాకింది.

నీలోఫర్‌ల డాక్టరమ్మ కార్డు మీద చుక్క పెట్టి
గీత మీదనే ఉంది, పొండి అన్నది.
గీత మీద ఉంటే ఎట్ల? మాకు గీత దాటాలె.
నమ్మకం చిక్కక ఒక ఆదివారం
సేట్ లేంది చూసి గంజికి తీస్కపోయిన,
నా కాంట మీదనే కూసోబెట్టిన.
ముల్లు ఊగుతుంటే అది నవ్వింది,
అది నవ్వితే ముల్లు మళ్ల ఊగింది.
హమాలీ బుచ్చిరాములు బీడీ పక్కకు పెట్టి
"కదిలే సరుకుకు అంకె రాయరన్నా" అన్నడు.

అత్తమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిల వేసింది.
ఘాటుకు మేమందరం దగ్గినం, పిల్ల తప్ప.
గోడ అవుతల నుంచి ఫర్జానా ఆపా
"భూక్ లగే తో ఖాతీ, ఛోడో" అన్నది.
ఆమెకు ఐదుగురు. ఆమె అనొచ్చు.

ఒక రాత్రి మాత్రం
నేను ముక్కు మూసి ఒక బుక్క తోసిన.
మింగింది.
ఏడుస్తదనుకున్న, ఏడ్వలే.
తరుగు కొట్టినంక రైతు నన్ను చూస్తడే, అట్ల చూసింది.
ఆ బుక్క స్వరూప రాసుకున్నది.
ఆ చూపు బుక్కుల ఎక్కలే.

మొన్న వానకు సైదాబాద్ అంత కరెంటు పోయింది.
గిన్నె లేదు, చెంచా లేదు, ఫోన్ల బొమ్మలు లేవు.
మంచం కింద కరకర చప్పుడు.
ఎలుక అనుకోని లైటు పట్టబోయిన,
స్వరూప నా చెయ్యి ఆపింది.
పొద్దున ఒలికిన మరమరాలు
రెండు వేళ్లతోని ఏరుకుంట, ఒక్కొక్కటే,
చీమకున్నంత ఓపికతోని
తింటున్నది.
మేమిద్దరం దొంగల తీరు గోడకు ఆనుకున్నం.
అలవాటు కొద్ది లెక్క మొదలుపెట్టిన.
పదకొండు కాడ ఉరిమింది, తప్పిపోయింది.
మళ్ల ఒకటి నుంచి పెట్టలే.

తెల్లారి దోసె ముక్క నా అంగీ మీద ఉమ్మింది,
అది వేరే ముచ్చట.
గంజికి పోయే ముందు బుక్కు తెరిచి చూసిన.
నిన్నటి పేజీల
తారీఖు ఒక్కటే ఉంది.